ఫైర్ ప్రమాణంలో ‘హ్యూమన్‌నేమ్’: వాడుతున్న మనిషి మాట

ముందు మార్కులు వేసేస్తాను: ఐదుకు నాలుగు. ఆస్పత్రుల కంప్యూటర్ల మధ్య రోగుల వివరాలు చేరవేసే సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి. ఆ వివరాలు ఏ రూపంలో ఉండాలో చెప్పే, హెచ్‌ఎల్ సెవెన్ సంస్థ తెచ్చిన ఫైర్ ప్రమాణంలో మనిషి పేరు నమోదుకు ఉన్న ‘హ్యూమన్‌నేమ్’ అనే అమరికతో రోజూ కుస్తీ పడేవాణ్ని కాబట్టి ఊరికే వేసిన మార్కులు కావివి.

అన్నిటికన్నా నచ్చింది, దీనిలో ఏ గడీ తప్పనిసరి కాకపోవడం. ఇండోనేషియాలో ఒకే మాట పేరుగా ఉన్నవాళ్లున్నారు. బర్మా వారికి ఇంటిపేరనే పద్ధతే లేదు. ఐస్‌లాండ్‌లో చాలామంది పేరు చివర వచ్చేది తండ్రి పేరు నుంచో తల్లి పేరు నుంచో పుట్టిన మాట. వీళ్లెవరి చేతా ఈ ప్రమాణం అబద్ధం చెప్పించదు. ‘గివెన్’ గడిలో ఎన్ని పేర్లయినా వరసగా పెట్టుకోవచ్చు. మధ్యపేరుకంటూ వేరే అర లేదు. ‘ఫ్యామిలీ’ గడి నిర్వచనంలోనే, ఎరిత్రియా వంటి చోట్ల తండ్రి సొంత పేరే కొడుక్కి ఇంటిపేరు స్థానంలో వస్తుందని రాశారు. సాంకేతిక పత్రంలో ఇంత లోకజ్ఞానం కనబడితే ముచ్చటేసింది.

‘యూజ్’ అనే గుర్తు కూడా పనికొచ్చేదే: రికార్డుల్లోని పేరు, పిలిచే పేరు, పాత పేరు, పుట్టిన శిశువుకో స్పృహ లేని రోగికో తాత్కాలికంగా పెట్టిన పేరు. ఒకే మనిషికి అన్నీ ఉండవచ్చు, ఏది ఎప్పటి నుంచి ఎప్పటి వరకో తేదీలతో సహా.

ఇక ‘టెక్స్ట్’. పేరు మొత్తాన్ని ఆ మనిషి రాసుకునే తీరులోనే ఉంచే గడి ఇది. ముక్కలు చేయడం తెలియకపోతే ఇదొక్కటే నింపి ఊరుకోవచ్చు. ముక్కలు కూడా ఇస్తే రెండూ ఒకదానికొకటి సరిపోవాలి, అంతే. ఇంత మంచి గడిని నా దగ్గరికొచ్చే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు తెరిచైనా చూడవు. నమోదు తెర ఇంటిపేరు లేనిదే ముందుకు కదలదు. కౌంటర్‌లో కూర్చున్నవారు ఏం చేస్తారు? ఒక చుక్క కొడతారు, లేదా ఉన్న ఒక్క పేరునే రెండుసార్లు కొడతారు. ఆ చుక్క ల్యాబ్‌కూ స్కానింగ్‌కూ ప్రయాణిస్తుంది. మరోచోట ఇంకొకరు ఇంకోలా నింపడంతో ఒకే రోగికి రెండు రికార్డులు పుడతాయి. ఏ మందు పడదో ఒకదానిలో, కొత్త మందుల చీటీ మరొకదానిలో. దీనికి ప్రమాణాన్ని తిట్టలేను, మార్కు కూడా తగ్గించలేను.

మార్కు తగ్గించింది వేరే సంగతికి. 2015 నాటి రెండో విడతలో ‘ఫ్యామిలీ’ ఎన్నిసార్లయినా రాయగలిగేవాళ్లం. 2017లో మూడో విడత దాన్ని ఒక్కటికే కుదించింది. స్పానిష్ పేర్లలో తండ్రి వైపుదీ తల్లి వైపుదీ రెండు ఇంటిపేర్లుంటాయి. నెదర్లాండ్స్‌లో ‘వాన్ డెన్ బెర్గ్’ను అకారాది పట్టికలో ‘బెర్గ్’ కింద వెతుకుతారు. ఈ తేడాలన్నీ ఇప్పుడు ‘ఎక్స్‌టెన్షన్’లలోకి, అంటే అసలు గడులకు తోడు తగిలించే అదనపు గడుల్లోకి, వెళ్లాయి. జపాన్ పేరు కాంజీ అనే చిత్రలిపిలో రాసిందా, ఉచ్చారణ తెలిపే కానాలో రాసిందా అన్న సంగతీ అక్కడే. తనకు తెలియని మామూలు ఎక్స్‌టెన్షన్‌ను పట్టించుకోకుండా వదిలేసే స్వేచ్ఛ అందుకునే వ్యవస్థకు ఉంది; చాలా వ్యవస్థలు ఆ స్వేచ్ఛను నిండుగా వాడుకుంటాయి. స్కానింగ్ బొమ్మల కోసం ఎప్పటినుంచో ఉన్న డైకామ్ ప్రమాణమే ఇక్కడ నయం: రోమన్ అక్షరాల రూపం, చిత్రలిపి రూపం, ఉచ్చారణ రూపం మూడింటికీ పేరు లోపలే చోటుంది. దానికీ పేరును ఐదు ముక్కలకు మించనివ్వని పట్టుదల ఉందనుకోండి.

ఈ ప్రమాణంతో పని చేస్తుందని ఎవరైనా సాఫ్ట్‌వేర్ అమ్మజూపితే, ఒంటి పేరు మనిషిని ఒకరిని నమోదు చేయమనండి. తర్వాత ‘ఫ్యామిలీ’తో కాక ‘నేమ్’ అనే వెతుకులాటతో వెతకమనండి. అది ‘టెక్స్ట్’తో సహా పేరులోని ఏ ముక్కలోనైనా వెతకడానికి ఉద్దేశించినది. అప్పటికీ ఆ మనిషి దొరకకపోతే బేరం అక్కడే ఆపేయండి.