రాష్ట్రపతి భవన్ బొమ్మలు, కరోల్‌బాగ్ కథలు

రాష్ట్రపతి భవన్ చూడడానికి మనిషికి రిజిస్ట్రేషన్ చార్జీ రూ. 50. మేం కట్టింది రూ. 650. నలుగురికి రూ. 2,600. ఈ లెక్క ముందే చెప్పేస్తున్నాను, ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి.

మేమిద్దరం, అక్కా బావా కలిసి వెళ్ళాం. ఆగ్రా, మథుర ఏ గొడవా లేకుండా అయిపోయాయి. ఢిల్లీలో కరోల్‌బాగ్ లాడ్జి దగ్గర మొదలైంది అసలు కథ. యాప్‌లో ఫొటోలు చూసి రోజుకి రూ. 2,400 చొప్పున రెండు రూములు తీసుకున్నాం. ఫొటోలో పెద్ద కిటికీ ఉంది. రూములోనూ ఉంది, కర్టెన్ తీస్తే జానెడు దూరంలో పక్క బిల్డింగ్ గోడ. గీజర్ ఉంది గానీ దాని స్విచ్ మాత్రం బయట వరండాలో పెట్టారు. మా ఆవిడ తల మీద షాంపూ ఉండగా రూమ్ బాయ్ పోతూ పోతూ దాన్ని కట్టేశాడు. డిసెంబరు చలి. ఆ కేకలకి పై అంతస్తువాళ్ళు దిగివచ్చారు. కిందికి వెళ్ళి అడిగితే, "ఎనిమిది దాటితే వేడినీళ్ళు రావు, బోర్డు ఉంది కదా" అన్నాడు కౌంటర్ ఆసామి. బోర్డు ఉన్నమాట నిజమే. అతను కూర్చునే కుర్చీ వెనక, అతని తలకి సరిగ్గా అడ్డంగా ఉంది.

ఈ ఆసామే మా బావని పట్టుకున్నాడు. ఆన్‌లైన్‌లో పాసులు దొరకవట, తనకి "కోటా" ఉందట. పైగా ఊరించడం: లోపల కప్పు మీద ఒక రాజుగారి బొమ్మ ఉంది, మీరు ఏ మూలకి వెళ్తే ఆ మూలకి కళ్ళు తిప్పి చూస్తాడు, ప్రపంచం మొత్తం మీద అలాంటి బొమ్మ అదొక్కటే అని. బావ మాకెవరికీ చెప్పకుండా డబ్బు కట్టేసి, ఆధార్ కార్డులన్నీ ఇచ్చేశాడు. వచ్చిన పాసు ఎవరైనా వెబ్‌సైట్‌లో తీసుకునే మామూలు పాసే. ఆ రాత్రే సైట్ తెరిచి చూస్తే మర్నాటికి ఇంకా స్లాట్లు ఖాళీగా ఉన్నాయి. నేను కిందికి వెళ్ళి నిలదీస్తానంటే బావ వద్దన్నాడు. "పోనీలేరా, ఊరుకాని ఊళ్ళో గొడవెందుకు" అని దుప్పటి ముసుగేశాడు. అక్క మాత్రం రాత్రంతా పాసుల మీద పోయిన ఆ రూ. 2,400 తేడాని పట్టుచీరల్లోకి, వెండి గిన్నెల్లోకి మార్చి వినిపించింది.

భవన్‌లో మాత్రం వంకపెట్టడానికి ఏమీ లేదు. మెట్రోలో సెంట్రల్ సెక్రటేరియట్ దాకా వెళ్ళి అక్కడ ఆటో ఎక్కాం. ఒరిజినల్ ఐడీ అడుగుతారు, చెకింగ్ గట్టిగానే ఉంటుంది, ఫొటోలు తీయనివ్వరు. కూడా వచ్చే గైడ్‌కి విడిగా ఏమీ ఇవ్వక్కర్లేదు. మాకు వచ్చిన అమ్మాయి ఎవరు ఏమడిగినా విసుక్కోలేదు.

దర్బార్ హాల్‌ని 2024 నుంచి గణతంత్ర మండప్ అంటున్నారు. రెండు టన్నుల షాండిలియర్, దాని కింద గుప్తుల కాలం నాటి బుద్ధుడి విగ్రహం. పక్క హాలు అశోక్ మండప్, బ్రిటిష్ వాళ్ళ రోజుల్లో డాన్సులాడిన గది. రాజుగారి బొమ్మ దీని కప్పు మీదే ఉంది. ఆయన పర్షియాని 1797 నుంచి 1834 దాకా ఏలిన కజార్ వంశపు ఫత్ అలీ షా. నడుం దాకా గడ్డం, గుర్రం మీద వేట, చుట్టూ 22 మంది కొడుకులు. తోలు మీద వేసిన బొమ్మ అది, దాదాపు 17 అడుగుల పొడవు. షా దాన్ని ఇంగ్లండు రాజు నాలుగో జార్జికి కానుకగా పంపాడు. వైస్రాయ్‌ల కాలంలో లండన్ నుంచి తెప్పించి ఇక్కడ బిగించారు. చుట్టూ ఉన్న మిగతా చిత్రాలని తర్వాత కొలొనెల్లో అనే ఇటలీ చిత్రకారుడు మన కళాకారులతో కలిసి వేశాడు.

కళ్ళ సంగతి తేలుద్దామని అక్కని హాలుకి ఆ చివర నిలబెట్టి నేను ఈ చివర నిలబడ్డాను. ఎవర్ని చూస్తున్నాడని సైగ చేశాను. తన గుండె మీద వేలు పెట్టుకుంది. నాకూ నన్నే చూస్తున్నట్టుంది. మధ్యలో ఉన్న మా ఆవిడ, నన్నే అంది. ఒకే క్షణంలో ముగ్గుర్నీ చూస్తున్నాడంటే కళ్ళు తిప్పట్లేదనేగా! బొమ్మ చదునుగా ఉంటుంది. కంట్లో నల్లగుడ్డు ఎక్కడ గీశారో అక్కడే ఉంటుంది, మనం ఎంత పక్కకి జరిగినా దాని చోటు మారదు. ఎదురుగా చూస్తున్నట్టు వేస్తే ఏ మూల నుంచి చూసినా మనవైపే ఉన్నట్టుంటుంది. బుద్ధుడి విగ్రహం దగ్గర పక్కకి జరిగితే చెంపా చెవీ కనపడతాయి తప్ప చూపు మన వెంట రాదు, ఎందుకంటే అది చెక్కిన ముఖం. కాబట్టి అనుభవం నిజం, "ప్రపంచంలో ఇదొక్కటే" అన్నది పచ్చి అబద్ధం. మన ఇంట్లో క్యాలెండర్ మీది వెంకటేశ్వరస్వామి కళ్ళు మూసే నామం లేకపోతే ఆయనా ఇలాగే చూసేవాడు. ఇందులో తమాషా ఏమిటంటే, ఈ విద్యకి పేరుపడ్డ మోనాలిసా చూపుని 2019లో జర్మనీలోని బీలెఫెల్ట్ యూనివర్సిటీ వాళ్ళు కొలిస్తే, అది చూసేవాళ్ళకి కుడివైపుగా 15 డిగ్రీలు పక్కకి పోతోందని తేలింది.

బాంక్వెట్ హాల్లో బావ మళ్ళీ హుషారయ్యాడు. ఒకేసారి 104 మంది కూర్చుని తినే గది, గోడల నిండా మాజీ రాష్ట్రపతుల చిత్రాలు. రాధాకృష్ణన్, గిరి, సంజీవరెడ్డి ఎక్కడున్నారో మేం వెతుక్కున్నాం. అక్క అత్తవారిది అనంతపురం, కాబట్టి సంజీవరెడ్డి దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగింది. ఆ చిత్రాల పైన చిన్న లైట్లు ఉన్నాయి. "సీసీ కెమెరాలు రా" అన్నాడు బావ. గైడ్ నవ్వి, అవి వంటవాళ్ళకీ వడ్డించేవాళ్ళకీ సిగ్నల్ అని చెప్పింది. ఎప్పుడు వడ్డించాలో, ఎప్పుడు ప్లేట్లు తీయాలో రంగుల్ని బట్టి తెలుస్తుందట. రాష్ట్రపతి విందులో నోటితో పిలిచే పని లేకుండా చేసిన ఏర్పాటు. నాకు ఈ భవనం మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

బావ అంతటితో ఊరుకోలేదు. నేతాజీ బొమ్మ ఏదీ, అది నేతాజీది కాదు, సినిమా హీరోది అని మొదలుపెట్టాడు. ఆ వాట్సాప్ మెసేజ్ మా ఫ్యామిలీ గ్రూపులో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 2021 జనవరి 23న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ చిత్రాన్ని ఆవిష్కరించగానే, ఇది 2019 నాటి 'గుమ్‌నామీ' సినిమాలో నేతాజీగా వేసిన ప్రసేన్‌జిత్ చటర్జీ అని పెద్ద పెద్దవాళ్ళే ట్వీట్లు పెట్టారు. వేసింది పరేశ్ మైతీ అనే చిత్రకారుడు. నేతాజీ కుటుంబం ఇచ్చిన అసలు ఫొటో చూసి వేశాడు. ఆ ఫొటో కూడా బయటికొచ్చింది, కళ్ళజోడు, టోపీ, తల ఒంచిన తీరు అన్నీ సరిపోయాయి. ఇంతకీ హీరోకి మేకప్ వేసిందే నేతాజీలా కనపడడానికి. అతను నేతాజీలా ఉంటే నేతాజీ బొమ్మ అతనిలా ఉందనడం ఏం న్యాయం? ఇది చెప్తే బావ, "నిప్పు లేందే పొగ రాదు" అన్నాడు. వెబ్‌సైట్ పాసుకి పదమూడు రెట్లు కట్టిన మనిషితో వాదించలేక వదిలేశాను.

మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. క్యూ చూసి మా ఆవిడ వెనక్కి పోదామంది. పన్నీరు తిని తిని నాలుక చచ్చిపోయి ఉంది నాకు, కదల్లేదు. పప్పు, కందిపొడి, నెయ్యి పడ్డాక నలుగురం మాట్లాడుకోవడం మానేశాం. వడ్డించేవాళ్ళు అడగకుండానే మళ్ళీ వేశారు. బావ కూడా అక్కడ ఏ అనుమానమూ పెట్టుకోలేదు.

వెళ్ళేవాళ్ళకి: పాసు రాష్ట్రపతి భవన్ సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, సోమవారం మూసేస్తారు. పాసు మీద ఏ గేటు రాసి ఉందో చూసుకోండి, గేట్ల మధ్య నడక చాలా దూరం. మ్యూజియంకి వేరే పాసు కావాలి. పెద్దవాళ్ళని ఢిల్లీ చలికి తీసుకెళ్ళలేకపోతే హైదరాబాద్ బొల్లారంలో రాష్ట్రపతి విడిది అయిన రాష్ట్రపతి నిలయం 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా తెరిచే ఉంటోంది. దానికీ అదే వెబ్‌సైట్, అదే రూ. 50.