850 పెట్టి మంచి ఆయిలే పోయించాను, క్లచ్ ప్లేట్లు పోయాయి: బైకు వాళ్లూ, డబ్బా వెనక్కి తిప్పి చూడండి

తిరుపతిలో బైకు నడిపేవాళ్లు, ముఖ్యంగా రోజూ కొండకు డ్యూటీకి వెళ్లొచ్చేవాళ్లు ఇది ఒకసారి చదవండి. నాకు వదిలింది 3,530 రూపాయలు, దానితోపాటు రెండు రోజుల జీతం. అంగడి పేరు రాయడం లేదు. నా చేతిలో సరైన బిల్లు లేదు, అది మొదటి కారణం. ఇలా అమ్మే అంగడి ఊర్లో ఒక్కటే ఉంటుందని నేననుకోను, అది రెండోది.

ముందే చెప్పేస్తాను, నాకు అంటగట్టింది నకిలీ ఆయిల్ కాదు. పేరున్న కంపెనీది, నా కళ్ల ముందే సీలు తీశారు, ఫుల్ సింథటిక్, అంటే రసాయన పద్ధతిలో తయారుచేసే ఖరీదైన రకం. మంచి ఆయిలే. కాకపోతే అది కారు ఆయిల్.

నాది పల్సర్ 150, ఎనిమిదేళ్ల బండి. తిరుమలలో ఒక హోటల్లో పని, వారంలో ఆరు రోజులు ఘాట్ ఎక్కి దిగాల్సిందే. ఆయిల్ ఎప్పుడూ కొర్లగుంటలో మా మెకానిక్ అన్నే మారుస్తాడు. ఏ ఆయిల్ పోస్తున్నావన్నా అని నేను ఒక్కరోజు కూడా అడిగింది లేదు. మొన్న మే నెలలో గంగజాతర వచ్చింది. అన్న జాతరలో అమ్మవారికి వేషం వేస్తానని మొక్కుకున్నాడు, షెడ్డుకు తాళం. బండికేమో ఆయిల్ మార్చాల్సిన గడువు దాటిపోయింది, ఎండకు ఇంజిన్ గరగరమంటోంది. జాతర అయ్యేదాకా ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేక ఒక స్పేర్ పార్టుల అంగడికి పోయాను. అక్కడే ఒక కుర్రాడు ఆయిల్ మార్చి పంపిస్తాడు.

"అన్నా, పల్సర్‌కు ఆయిల్ కావాల" అన్నాను.

కౌంటర్‌లో ఉన్నాయన బండి వైపు చూడను కూడా లేదు. "మామూలుదా, మంచిదా?" అన్నాడు.

అలా అడిగితే మామూలుది చాలు అని ఎవరంటారు?

"అయితే ఇది పోయించుకో. ఫుల్ సింథటిక్. కార్లకే పోస్తారు దీన్ని, బండికి ఆడదా? కొండకు దూదిలాగా ఎక్కతాది" అని డబ్బా ముందు పెట్టాడు. 850 రూపాయలు. "కార్లకే పోస్తారు" అన్నప్పుడు నాకు అనుమానం రావాలి. రాలేదు సరికదా, నా పాత బండికి ఏదో సన్మానం జరుగుతున్నట్టు అనిపించింది. కుర్రాడు పాత ఆయిల్ దించి కొత్తది పోశాడు, మట్టం దాకా రాగానే ఆపి, అడుగున మిగిలిన కాస్తా డబ్బాతో సహా నా చేతికిచ్చాడు. ఒక తెల్ల చీటీ మీద "ఆయిల్ 850" అని రాసిచ్చారు. అంగడి పేరు లేదు, తేదీ లేదు.

మొదటి రెండు రోజులు బండి నిజంగానే మెత్తగా నడిచింది. హోటల్లో ఇద్దరికి ఈ ఆయిల్ గురించి గొప్పగా చెప్పాను కూడా. వాళ్లలో ఒకడు కొనేవాడే, జీతం రాక ఆగిపోయాడు. అదృష్టవంతుడు.

నాలుగో రోజు మా బామ్మర్దిని వెనక కూర్చోబెట్టుకుని పైకి పోతున్నాను. ఒక మలుపు తిరిగి, మూడో గేరులో యాక్సిలరేటర్ తిప్పాను. ఇంజిన్ రయ్యిమని అరిచింది. ఆర్పీఎం ముల్లు ఏడు వేలు దాటింది. స్పీడు మాత్రం 30 దగ్గరే ఉండిపోయింది, పైగా తగ్గుతోంది. వెనక ఆర్టీసీ బస్సు హారన్ మోత. రెండో గేరుకు దించితే కాస్త కదిలింది. చైన్ జారిందేమో అనుకున్నాను. పక్కకు తీసి చూస్తే చైన్ బాగానే ఉంది. క్లచ్ కేబుల్ మరీ బిగుసుకుందేమోనని వదులు చేశాను, అయినా అంతే. అప్పటికి ఇంజిన్ కుడివైపు నుంచి కాలిన వాసన మొదలైంది. బామ్మర్ది దిగి, బస్సెక్కి పైకి పోయాడు. నేను మొదటి గేరు, రెండో గేరు మార్చుకుంటూ ఎలాగో డ్యూటీకి చేరాను.

జాతర అయిపోయాక మా అన్న షెడ్డు తెరిచాడు. బండి తీసుకుని సందు చివరిదాకా ఒక రౌండు వేసి వచ్చి, దిగకుండానే అడిగాడు: "ఏమప్పా, దీంట్లో ఆయిల్ ఎవురు పోసినారు?"

ఆయిల్ దించి రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. క్లచ్ కవర్ విప్పి ఒక ప్లేటు బయటికి తీసి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. కొత్త ప్లేటు మీద వేలితో రాస్తే అట్టముక్కలాగా గరుకుగా తగులుతుంది. ఇది నున్నగా, నల్లగా, అద్దంలా మెరుస్తోంది. ఇనుప ప్లేట్ల మీద వేడికి నీలం మరకలు. "ప్లేట్లు పాతవే, కాదనను. కానీ ఇంకో పదివేల కిలోమీటర్లు నడిచుండేవి. నాలుగు రోజుల్లో తినేసినావు" అన్నాడు. తర్వాత ఇంటికి పోయి ఆ డబ్బా తెమ్మన్నాడు.

సంగతేమిటంటే, కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్ వరకే తిరుగుతుంది. గేర్‌బాక్సుకు వేరే ఆయిల్, క్లచ్ ఆయిల్ తగలకుండా పొడిగా ఉంటుంది. మన గేరు బైకుల్లో చాలావరకు అలా కాదు. ఒకే ఆయిల్ ఇంజిన్‌లో తిరగాలి, గేర్లను కాపాడాలి, క్లచ్ ప్లేట్లను కూడా తడపాలి. ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉండి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. కారుకు మైలేజీ పెరగాలని కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఇంజిన్‌కు అది మేలే. క్లచ్ ప్లేట్లకు మాత్రం ఆ రాపిడే కావాలి. అది తగ్గితే ప్లేట్లు జారతాయి, జారితే వేడెక్కుతాయి, వేడెక్కితే పైన గాజు పూతలాగా ఏర్పడి ఇంకా జారతాయి. అన్ని బండ్లకూ నాలుగు రోజుల్లోనే ఇలా అవుతుందని చెప్పను. కొత్త ప్లేట్లు, చదును రోడ్డు అయితే కొన్నాళ్లు తెలియకపోవచ్చు. అరిగిన ప్లేట్లు, వెనక ఒక మనిషి, మే నెల ఎండ, ఘాట్ ఎక్కుడు, ఇవన్నీ కలిస్తే నాలా అవుతుంది.

డబ్బా వెనక అన్నీ రాసే ఉన్నాయి. నేను చదవలేదు, అంతే. ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే 5డబ్ల్యూ-30 అని ఉంది (ఇది చిక్కదనం గ్రేడు, కింద చెప్తాను), ఏపీఐ ఎస్‌పీ అని ఉంది (ఏపీఐ అంటే అమెరికా పెట్రోలియం సంస్థ, ఎస్‌పీ అనేది వాళ్లిచ్చే నాణ్యత స్థాయి), ఆ సంస్థ గుండ్రటి ముద్రలో కింది సగంలో "రిసోర్స్ కన్సర్వింగ్" అని ఇంగ్లిష్‌లో ఉంది. ఆ మాట కనబడితే అది మన బైకు కోసం చేసింది కాదని గుర్తు. ఉండాల్సిన మాట ఇంకొకటి, "జాసో ఎంఏ" లేదా "ఎంఏ2". అది నా డబ్బా మీద ఎక్కడా లేదు. జాసో అంటే జపాన్ వాళ్ల వాహన ప్రమాణాలు. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే బైకుల కోసమని 1998లో ఎంఏ, ఎంబీ అని రెండు రకాలు పెట్టారు. ఎంఏ అంటే ప్లేట్లు జారకుండా పట్టు ఇచ్చేది. ఎంఏ2లో ఆ పట్టు ఇంకా ఎక్కువ. ఎంబీలో రాపిడి తక్కువ, అది గేర్లు లేని స్కూటర్లకు. యాక్టివా లాంటి వాటిలో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి వాటికి ఎంబీ చక్కగా సరిపోతుంది. ఇంట్లో స్కూటరూ బైకూ రెండూ ఉన్నవాళ్లు ఇక్కడ చూసుకోండి. స్కూటర్ కోసం తెచ్చిన ఎంబీ డబ్బాలో మిగిలిందని బైకులో పోసేయకండి.

ఇక అంకెలు. నా బండి మాన్యువల్‌లో 20డబ్ల్యూ-50, ఏపీఐ ఎస్ఎల్, జాసో ఎంఏ అని ఉంది. డబ్ల్యూ ముందు అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పేది. మన తిరుపతిలో ఆ చలి ఎక్కడిది, దానికి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. వెనక అంకె వేడి మీద, అంటే 100 డిగ్రీల దగ్గర, ఆయిల్ చిక్కదనం. 50 కావాల్సిన ఇంజిన్‌కు 30 పోస్తే వేడెక్కాక పలుచబడిపోతుంది, పైగా గేర్ల మధ్య నలిగి ఇంకా పలుచనవుతుంది. అలాగని చిక్కటిదైతే మేలు అనుకోవడానికీ లేదు. హీరో స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30. ఎండకాలం కదా అని దానికి 20డబ్ల్యూ-50 పోసేవాళ్లున్నారు. ఎందుకో నాకు అర్థం కాదు. ఒక్కో ఇంజిన్ లోపలి సందులు ఒక్కో తీరుగా ఉంటాయి, కట్టినవాళ్లకు తెలియదా? డ్రమ్ములోంచి కొలిచి అన్ని బండ్లకూ ఒకటే లూజు ఆయిల్ పోసే షెడ్లు కూడా చూస్తున్నాను. అందులో ఏముందో పోసేవాడికీ తెలియదు. మినరలా (ముడి చమురు శుద్ధి చేసి తీసేదా), సెమీ సింథటిక్కా (రెండూ కలిపిందా), ఫుల్ సింథటిక్కా అన్నది ఇవన్నీ సరిపోయాక చూసుకోవాల్సిన విషయం. నన్ను అంగట్లో అడిగింది అదొక్కటే.

తిరిగి అంగడికి పోయాను. డబ్బా చూపించాను, పాత ప్లేటు కూడా కౌంటర్ మీద పెట్టాను. "మా దగ్గరే కొన్నావని ఏముంది?" అన్నాడు. చీటీ చూపిస్తే అది తమది కాదన్నాడు. తర్వాత మాట మార్చి, "అడిగిందే ఇచ్చినాము, మంచిదే కదా అడిగినావు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఎందుకంటే అడిగింది నిజమే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చని నాకు తెలుసు. కానీ పేరూ తేదీ లేని చీటీ పట్టుకుని ఏమని చెప్పాలి? మీరు మాత్రం అంగడి పేరు, తేదీ, ఆయిల్ పేరు, గ్రేడు రాసిన బిల్లు తీసుకోకుండా డబ్బులివ్వకండి. ఫోన్‌పే చేస్తే కనీసం ఎవరికి పోయిందో ఉంటుంది, నేను అదీ చేయలేదు, నోట్లిచ్చాను.

నకిలీల సంగతి వేరే పెద్ద కథ. ఒక్కటి చెప్తాను. ఆయిల్ పోయించాక ఖాళీ డబ్బాను అక్కడే వదిలేయకండి. మా అన్న ప్రతి డబ్బాకూ స్క్రూడ్రైవర్‌తో బొక్క పొడిచి పడేస్తాడు. మంచి డబ్బాలు కొనుక్కుపోయి నింపి అమ్మేవాళ్లుంటారు కాబట్టి. కొనేటప్పుడు మూత కింది రింగు విరగకుండా ఉందా, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎమ్మార్పీ స్పష్టంగా ఉన్నాయా చూసుకోండి. 900 మిల్లీలీటర్ల డబ్బాను లీటరు అనుకుని కొనేవాళ్లు కూడా ఉన్నారు. పక్కన ఎంత ఉందో చదివి, మీ బండికి ఎంత పడుతుందో మాన్యువల్‌లో చూసుకుని కొనండి.

ఖర్చు లెక్క కావాలంటే: క్లచ్ ప్లేట్లు, స్ప్రింగులు 1,250. గ్యాస్కెట్ 90. కూలి 500. సరైన ఆయిల్ 420 చొప్పున రెండుసార్లు, ఎందుకంటే లోపల మిగిలిన కారు ఆయిల్ పోవాలని మొదటిది 300 కిలోమీటర్లకే దించేయించాడు. ఆ మొదటి 850 వీటికి అదనం. ఇప్పుడు బండి మూడో గేరులోనే మలుపులెక్కుతోంది. అడుగున మిగిలిన ఆ కాస్త ఆయిల్ పారబోయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. ఫుల్ సింథటిక్ పోసినప్పటి నుంచి మా ఇంటి గేటు కిర్రుమనకుండా తెరుచుకుంటోంది.