రాస్ప్‌బెర్రీ పై 5కు 27 వాట్ల అడాప్టర్: రెండేళ్ల వాడకం తరువాత

మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటరు బోర్డు ఒకటి రెండేళ్లుగా రాత్రనక పగలనక నడుస్తోంది. దానికి యూఎస్‌బీ ద్వారా తగిలించిన రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కులో ఇంటిల్లిపాది ఫోటోలు, నాన్నగారు స్కాన్ చేయించిన పొలం కాగితాలు ఉన్నాయి. బోర్డు కొన్ననాడు దాని తయారీదారులు సూచించిన 27 వాట్ల అడాప్టరును నేను కొనలేదు. ఇంట్లో 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జరు ఖాళీగా పడి ఉండగా 27 వాట్లది మళ్లీ కొనడం దండగ అనుకున్నాను. ఆ లెక్క తప్పని తేలడానికి మూడు వారాలు పట్టింది.

బోర్డు బాగానే లేచేది. డిస్కు మాత్రం టిక్కు టిక్కుమని ఆగిపోయేది, లాగ్‌లో ఓవర్ కరెంట్ హెచ్చరికలు వరుసగా కనబడేవి. డిస్కు చెడిపోయిందనుకొని వేరొకటి తెచ్చి తగిలించినా అదే చప్పుడు. అసలు కారణం ఛార్జరు మీద చిన్న అక్షరాలలో అచ్చయి ఉంది: 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు. 65 వాట్లు అన్న మాట 20 వోల్టులు తీసుకునే ల్యాప్‌టాప్‌కే వర్తిస్తుంది. పై 5 బోర్డు 5 వోల్టులు తప్ప మరేదీ తీసుకోదు కాబట్టి, దాని వరకు ఆ ఛార్జరు 15 వాట్లదే. యూఎస్‌బీ పవర్ డెలివరీ (పరికరంతో మాట్లాడుకొని ఎన్ని వోల్టులు ఇవ్వాలో తేల్చుకునే పద్ధతి) ఛార్జర్లలో 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చేవి అరుదు. 27 వాట్ల అడాప్టరు 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇస్తుంది, ఆ సంగతిని బోర్డుకు తెలియజేస్తుంది కూడా. అలా తెలియజేయకపోతే బోర్డు తన నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకు మించి పోనివ్వదు, తెలియజేస్తే 1.6 ఆంపియర్ల వరకు వదులుతుంది. హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు ఒక ఆంపియరు లాగుతుంది. మా డిస్కు టిక్కుటిక్కుమన్నది అందుకే.

ఆ దశలో చాలామంది చేసేదే నేనూ చేశాను. కాన్ఫిగ్ ఫైలులో యూఎస్‌బీ మ్యాక్స్ కరెంట్ ఎనేబుల్ అనే వరుసకు 1 అని రాసి బోర్డును మళ్లీ మొదలుపెట్టగానే డిస్కు తిరిగింది. కానీ ఆ వరుస ఛార్జరుకు కొత్త బలమేమీ ఇవ్వదని గుర్తుంచుకోవాలి; అది కరెంటు చాలినంత ఉందని బోర్డుకు మనం రాసిచ్చే హామీపత్రం మాత్రమే. పూచీ పడ్డవాడి దగ్గర డబ్బు లేకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే జరిగింది. ఒక రాత్రి బ్యాకప్ నడుస్తుండగా ప్రాసెసరు, డిస్కు రెండూ ఒకేసారి కరెంటు లాగడంతో వోల్టేజీ పడిపోయింది, తెల్లవారేసరికి మెమరీ కార్డులోని ఫైల్ సిస్టం పాడై ఉంది. డిస్కులోని కాగితాలు దక్కాయి గానీ వ్యవస్థ మొత్తాన్ని మళ్లీ ఎక్కించుకోవలసి వచ్చింది. 27 వాట్ల అడాప్టరు కొన్నది ఆ మరునాడే.

ఈ రెండేళ్లలో నేను ఎక్కువగా నేర్చుకున్నది తీగ గురించి. ఛార్జరు మీద రాసిన వోల్టేజీ ఛార్జరు దగ్గరిది. బోర్డుకు అందేది తీగలో పోయినంత పోగా మిగిలింది. సన్నని 28 గేజీ తీగ మీటరు పొడవుంటే రానూపోనూ దాని నిరోధం 0.43 ఓమ్‌లకు దగ్గరగా ఉంటుంది, అంటే 2 ఆంపియర్లు లాగితే దాదాపు 0.85 వోల్టులు దారిలోనే పోతాయి. అదే పొడవున్న మందపాటి 20 గేజీ తీగలో (గేజీ అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది) 3 ఆంపియర్లకు పోయేది 0.2 వోల్టులే. ఈ అడాప్టరు 5 కాక 5.1 వోల్టులు ఇచ్చేది ఈ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకొనే. దీనికి 1.2 మీటర్ల మందపాటి తీగ అడాప్టరుతో విడదీయలేనట్టుగా కలిసే వస్తుంది. మొదట్లో అది చిరాకనిపించి, బల్లను గోడ దగ్గరికి జరుపుకోవలసి వచ్చింది. అయితే 5 ఆంపియర్లు మోయగల విడి తీగ కావాలంటే లోపల గుర్తింపు చిప్పు ఉన్నదాన్నే వెతికి కొనుక్కోవాలి, ఇక్కడ ఆ వెతుకులాట ఉండదు. దీనికి ముందటి మోడలుగా 2019లో వచ్చిన పై 4 తొలి బోర్డులు అటువంటి చిప్పున్న తీగలతో అసలు లేచేవే కావు. ఛార్జరు అవతల ఏ పరికరం ఉందో పసిగట్టే రెండు సీసీ పిన్నులకు (టైప్ సీ పోర్టులోనివి) వేరువేరుగా ఉండవలసిన రెసిస్టర్లకు బదులు ఒక్కటే పెట్టడంతో ఛార్జరు ఆ బోర్డును ఆడియో పరికరమనుకునేది. తరువాతి బోర్డులలో దాన్ని సరిచేశారు.

కొనేవారు వాట్లు చూసి తృప్తిపడకుండా బోర్డునే అడిగి తెలుసుకోవాలని నా అభిప్రాయం. వోల్టేజీ పడిందా, వేగం తగ్గిందా అని బోర్డును అడిగే గెట్ థ్రాటిల్డ్ ఆదేశానికి జవాబుగా సున్నా వస్తే అంతా సవ్యం. 50000 అని వస్తే బోర్డు మొదలైన తరువాత ఎప్పుడో వోల్టేజీ పడి వేగం తగ్గిందని, 50005 అయితే ఇప్పుడు కూడా అదే స్థితి అని అర్థం. పై 5లో పీమిక్ రీడ్ ఏడీసీ అన్న ఆదేశమూ ఉంది, లోపలికి వచ్చే వోల్టేజీని నేరుగా చూపిస్తుంది. ఈ అడాప్టరుతో డిస్కు పనిచేస్తున్నప్పుడు కూడా నాకు 5 వోల్టులకు కాస్త పైనే కనబడింది. పాత ఛార్జరుతో 4.7కు దిగేది. హెచ్చరిక వచ్చే గీత 4.63 దరిదాపుల్లో ఉంటుంది కనుక అక్కడికి ఎంత దూరంలో ఉన్నామో చూసుకోవచ్చు.

కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే సందులో మొదటి వేసవిలో బోర్డు రెండుసార్లు ఆగి లేచింది. అది అడాప్టరు తప్పు కాదు: ఇన్వర్టరు వెనక ఉన్న స్విచ్చు, కరెంటు పోగానే త్వరగా అందుకునే యూపీఎస్ మోడ్‌లో లేదు. మార్చాక ఆ బాధ తప్పింది. అడాప్టరు చేతికి గోరువెచ్చగా తగులుతుంది తప్ప మే నెలలో కూడా కాలలేదు.

27 వాట్లు అనే పేరు చూసి కరెంటు బిల్లుకు భయపడనక్కరలేదు. మా బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు లాగేది మూడు నాలుగు వాట్లే. ఆపివేసినా ఒకటిన్నర వాట్ల దరిదాపుల్లో లాగుతూనే ఉండటం మాత్రం నాకు నచ్చలేదు. బూట్‌లోడర్ (బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రాము) అమరికలలో పవర్ ఆఫ్ ఆన్ హాల్ట్ అన్నదానికి 1 ఇచ్చిన తరువాత మీటరులో అంకె దాదాపు సున్నాకు వచ్చింది. ల్యాప్‌టాప్ ఛార్జరు తిరిగి ల్యాప్‌టాప్‌కే చేరింది.