పాత టైల్స్ మీద కొత్తవి: సి2టిఇ అడ్హెసివ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

పాత ఫ్లోరింగ్ పగలగొట్టాలంటే దుమ్ము, చెత్త మోత, కింద పైపులకు దెబ్బ తగులుతుందన్న భయం. అందుకే పాత టైల్ మీదే కొత్తది అతికించేస్తుంటారు. ఆ పనికి సి2టిఇ రకం అడ్హెసివ్ (నీళ్లలో కలిపి టైల్స్ అతికించే పొడి) బాగా పనికొస్తుంది. సి1 బస్తా చవకని తెస్తే మాత్రం తిప్పలే.

ముందు ఆ అక్షరాల సంగతి. సి అంటే సిమెంట్ రకం. 2 అంటే చదరపు మిల్లీమీటరుకు కనీసం 1 న్యూటన్ పట్టు. సి1కి అందులో సగం చాలు. టి ఉంటే గోడ మీద టైల్ కిందికి జారదు. ఇ అంటే పరిచాక కనీసం 30 నిమిషాల వరకు టైల్ పెట్టొచ్చు. అయితే అది ల్యాబ్‌లో కొలిచిన లెక్క. ఎండ, ఫ్యాను గాలి ఉన్నచోట పైన పొర ముందే కడుతుంది. వేలితో తాకండి, వేలికి అంటకపోతే దాన్ని గీకి పారేయాల్సిందే. పైన నీళ్లు చిలకరిస్తే పట్టు రాదు.

కలపడంలో వరస తప్పకూడదు. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత పొడి. బస్తా మీద రాసినన్ని నీళ్లే, కొలిచి పోయాలి. తక్కువ స్పీడు మిక్సర్‌తో ఉండలు లేకుండా కలిపి, 5 నిమిషాలు వదిలి, మళ్లీ ఒకసారి తిప్పాలి. మధ్యలో గట్టిపడుతోందని నీళ్లు కలిపితే ఆ బకెట్ పోయినట్టే.

ఎంత మంచి అడ్హెసివైనా కింద ఉన్న టైల్ ఊడితే దానితోపాటే లేస్తుంది. పాత టైల్స్ అన్నిటినీ కర్ర పిడితో తట్టి చూడండి. డొల్లగా మోగినవి తీసేసి, ఆ గుంటలు మాలుతో పూడ్చి ఆరనివ్వాలి. మిగతావాటి మీద సబ్బు జిడ్డు, మైనం పోయేలా కడిగి, నునుపు పోయేలా గ్రైండర్‌తో గీకి, కంపెనీ చెప్పిన ప్రైమర్ (పట్టు కోసం ముందుగా వేసే పూత) కొట్టాలి. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ మెట్టు దాటేయడం వల్లే వస్తాయి, బస్తాది తప్పు కాదు.

పెద్ద టైల్స్‌కి 10 మిల్లీమీటర్ల పళ్ల తాపీతో గీతలన్నీ ఒకే దిశలో లాగాలి. టైల్ వెనక కూడా పలచగా పూయాలి. పెట్టాక గీతలకు అడ్డంగా కాస్త ముందుకూ వెనక్కూ కదిపితే గాలి బయటికి పోతుంది. మొదటి రెండు మూడు టైల్స్ వెంటనే ఎత్తి వెనక చూడండి: గదుల్లో 80, బాత్రూంలో 95 శాతం అంటుకుని ఉండాలి. అయిదు ముద్దలు పెట్టి అతికించే పాత పద్ధతి దీనితో అస్సలు వద్దు. మూలల్లో ఖాళీ ఉండి, బరువు పడితే అక్కడే పగులుతుంది.

3 మిల్లీమీటర్ల మందానికి చదరపు మీటరుకు 4.5 నుంచి 5 కిలోలు పడుతుంది, అంటే 20 కిలోల బస్తా దాదాపు 4 చదరపు మీటర్లకు. ఎత్తుపల్లాలు సరిచేయడానికి దీన్ని వాడొద్దు. మందంగా వేస్తే ఆరేటప్పుడు కుంచించుకుని టైల్‌ని కిందికి లాగుతుంది.

ఇంకో లోటు, కొత్త టైల్, అడ్హెసివ్ కలిసి నేల దాదాపు 13 మిల్లీమీటర్లు లేస్తుంది. తలుపుల అడుగు కోయాలి. బాత్రూం నేల గదితో సమానమైపోతే నీళ్లు బయటికొస్తాయి, అక్కడ పాతది పగలగొట్టడమే మేలు.