విలన్ కోసమే చదవాల్సిన నవల: ఆర్మడేల్

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలా రచయిత విల్కీ కాలిన్స్ అనగానే అందరూ ‘ద ఉమన్ ఇన్ వైట్’, ‘ద మూన్‌స్టోన్’ పేర్లే చెప్తారు. ఆ రెండిటి మధ్యలో, 1866లో పుస్తకంగా వచ్చిన ‘ఆర్మడేల్’ని పెద్దగా ఎవరూ తలుచుకోరు. నాకు మాత్రం మూడింట్లో ఇదే ఎక్కువ నచ్చింది, అది కూడా లిడియా గ్విల్ట్ అనే ఒక్క మనిషి వల్ల.

ముందే చెప్తున్నా, మొదట్లో చాలా ఓపిక పట్టాలి. 1832లో జర్మనీలోని విల్డ్‌బాడ్‌లో చావుబతుకుల్లో ఉన్న ఒకాయన తను చేసిన హత్య గురించి పసివాడైన కొడుక్కి ఉత్తరం రాసిపెట్టడంతో కథ మొదలవుతుంది, అక్కడిదాకా బ్రహ్మాండం, ఆ తర్వాత అలన్ ఆర్మడేల్ అన్న పేరే తండ్రుల తరంలో ఇద్దరికి, కొడుకుల తరంలో ఇద్దరికి ఉండేసరికి ఎవరు ఎవరో కాగితం మీద రాసుకుంటే తప్ప తేలదు. కొడుకుల్లో ఒకడు ఓజియాస్ మిడ్‌వింటర్ అని మారుపేరుతో తిరుగుతుంటాడు. ఆస్తి ఉన్న రెండోవాడు మంచివాడే గానీ వట్టి వెర్రిబాగులవాడు. మధ్యలో ఒక కల, అది ముక్కముక్కగా నిజమవుతోందన్న భయం. బాగా సాగదీశాడు.

గ్విల్ట్ కలం పట్టాక మాత్రం పుస్తకం పక్కన పెట్టలేం. ముప్ఫై అయిదేళ్లు, ఎర్ర జుట్టు, నిద్ర పట్టడానికి లాడనమ్ చుక్కలు. నల్లమందుతో చేసే ఆ మందు కనిపెట్టినవాడెవరో గానీ చల్లగా ఉండాలని డైరీలో రాసుకుంటుంది. కాలిన్స్ కూడా కీళ్ల నొప్పులకి అదే తాగేవాడు కాబట్టి ఆ ముక్క ఊరికే రాసింది కాదనిపిస్తుంది. ఆమె ప్లాన్ వినండి: మిడ్‌వింటర్‌ని అతని అసలు పేరుతో పెళ్లి చేసుకోవడం, ఆస్తిపరుడైన అలన్‌ని చంపించడం, పెళ్లి సర్టిఫికెట్ చూపించి అతని విధవనంటూ ఏడాదికి 1200 పౌండ్లు రాబట్టడం. చిక్కల్లా మిడ్‌వింటర్‌ మీద నిజంగానే మనసు పడటంతో వస్తుంది. డైరీలో ఒక పేజీలో విషం, ఇంకో పేజీలో ప్రేమ, మధ్యలో తన మీద తనే వేసుకునే జోకులు. ఈమెని అప్పటి విమర్శకులు దుమ్మెత్తి పోశారు, నేనైతే ప్లాన్ ఎక్కడ బెడిసికొడుతుందోనని ఆమె తరఫునే టెన్షన్ పడ్డాను.

బాష్‌వుడ్ సంగతి చెప్పకపోతే అన్యాయం. విగ్గు, కట్టుడు పళ్లు పెట్టుకున్న ముసలి గుమాస్తా, గ్విల్ట్‌ అంటే పిచ్చి. ఆమె గతం మొత్తం అతనికి చెప్పేది సొంత కొడుకే, ప్రైవేట్ డిటెక్టివ్. వాడు తీరిగ్గా, వెటకారంగా చెప్తుంటే ముసలాయన పడే అవస్థ చూడలేం. ఆ గతమేంటో నేను చెప్పను.

క్లైమాక్స్ లండన్ హాంప్‌స్టెడ్‌లోని ఒక శానిటోరియంలో, గదిలోకి విషవాయువు వదిలే ఏర్పాటుతో జరుగుతుంది. మరీ సినిమాలా ఉందనుకుంటారేమో, చివరి అనుబంధం తప్పకుండా చదవండి. ఈ నవల పత్రికలో సీరియల్‌గా ఇంకా వస్తుండగానే, 1865 నవంబరులో, లివర్‌పూల్ రేవులో ఒక ఓడలో కాపలాకి పడుకున్న ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు చెడుగాలి పీల్చి చనిపోయారట, ఆ ఓడ పేరు ‘ఆర్మడేల్’!

పాత పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఈబుక్ ఉచితంగా దొరుకుతుంది. అయిదుకి నాలుగు ఇస్తాను, తగ్గిన ఒక్కటీ అలన్ ఖాతాలో వేసుకోండి.