బోరు నీళ్లకి ఆర్వో పెట్టి ఏడేళ్లు... నా అనుభవం

2018 జూన్‌లో హైదరాబాద్ నిజాంపేటలో ఈ అపార్ట్‌మెంట్‌లోకి దిగాం, దిగిన వారానికే కందిపప్పు ఉడకట్లేదు. కుక్కర్ ఆరు విజిల్స్ వేసినా పప్పు పలుకులు పలుకులుగానే ఉంది, పప్పు పాతదేమో అని కిరాణా షాపాయన్ని తిట్టుకున్నా, పైఫ్లోర్ ఆవిడ వచ్చి "పప్పు కాదమ్మా, ఇవి బోరు నీళ్లు, మేం వంటకి కూడా క్యాన్ నీళ్లే వాడతాం" అంది. గిన్నెల మీద తెల్లటి చారలు, గీజర్ కింద ఉప్పు పేరుకుపోవడం, తలస్నానం చేస్తే జుట్టు పీచులా అయిపోవడం, అన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి.

మాది కోనసీమ వైపు, కాలవ నీళ్లు తాగి పెరిగినవాళ్లం. వరదలప్పుడు ఎర్ర నీళ్లు వస్తే మా అత్తయ్య చిల్లగింజ తీసుకుని బిందె లోపల అరగదీసేది, పొద్దున్నకి మట్టంతా అడుగుకి దిగి పైన నీళ్లు తేరుకునేవి, అవి వడకట్టి కాచుకుని తాగేవాళ్లు. ఇక్కడికి వచ్చాక కూడా "కాచుకుంటే పోదా" అంది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు అత్తయ్యా, నీళ్లు ఆవిరై తగ్గుతాయి కాబట్టి ఉప్పు ఇంకాస్త చిక్కబడుతుంది అంటే నమ్మలేదు. సరే, నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కూడా తీసేసే ఆర్వో మిషన్ తెచ్చాం, పద్నాలుగున్నర వేలు. కంపెనీ పేరు రాయను, ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

నీళ్లు ముందు ఒక ల్యాబ్‌లో టెస్ట్ చేయించా, ఈ ఏడేళ్లలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే అనిపిస్తుంది. టీడీఎస్ (నీళ్లలో మొత్తం కరిగి ఉన్నవి) 860, హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే కఠినత్వం) 480, ఫ్లోరైడ్ 1.3, అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఫర్లేదు, హార్డ్‌నెస్‌కి ఆ రెండు హద్దులు 200, 600, ఫ్లోరైడ్‌కి 1, 1.5. అంటే మావి విషం కాదు, అలాగని రోజూ తాగేవీ కాదు. మా ఆఫీసులో నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు అబ్బాయి ఉన్నాడు, వాళ్ల తాతగారి నడుం ఫ్లోరైడ్‌కే వంగిపోయిందట, అతను చెప్పాకే నేను ఆ ఫ్లోరైడ్ అంకె మీద కన్నేశా. టీడీఎస్ పెన్నులో (నీళ్లలో ముంచి చూసే చిన్న మీటరు) ఫ్లోరైడ్ ఎంతో కనపడదు, క్రిములూ కనపడవు, మొత్తం ఎంత కరిగి ఉందో అంతే చెప్తుంది. చాలామందికి ఈ తేడా తెలీదు, అంకె తక్కువ వస్తే అన్నీ బాగున్నట్టే అనుకుంటారు.

మిషన్ పని బాగుందా అంటే బాగుంది. కొత్తలో 860 లోపలికి వెళ్తే 55 బయటికొచ్చేది. ముందు బయట తెల్లటి స్పన్ క్యాండిల్ మట్టిని పడుతుంది, తర్వాత కార్బన్, అది క్లోరిన్‌ని లాగేస్తుంది (క్లోరిన్ తగిలితే మెంబ్రేన్, అంటే ఉప్పుల్ని ఆపే సన్నటి పొర, పాడవుతుంది), ఆ తర్వాత మోటార్ ప్రెషర్ పెట్టి నీళ్లని మెంబ్రేన్ లోంచి తోస్తుంది, ఉప్పులు దాటలేక మిగిలిన నీళ్లతో పాటు పక్క పైపులోంచి బయటికి పోతాయి. చివర్లో క్రిముల్ని చంపే యూవీ లైటు. పప్పు మూడు విజిల్స్‌కి మెత్తగా ఉడికింది, టీ మీద తెట్టు పోయింది.

ఇక ఆ పక్క పైపు సంగతి. ఎవరో చెప్తే నమ్మేదాన్ని కాదు, నేనే బకెట్ పెట్టి కొలిచా, పది లీటర్ల టాంక్ నిండేసరికి ముప్పై లీటర్లు బయటికి పోయాయి, 15 లీటర్ల బకెట్లు రెండు. ఆ నీళ్ల టీడీఎస్ 1130. మొదట్లో పారబోయడం పాపం అని తులసికి పోశా, నెల తిరిగేసరికి ఆకుల అంచులు మాడి గోధుమ రంగులోకి వచ్చాయి, అత్తయ్య వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పైపుకి పొడుగు ట్యూబ్ తగిలించి డ్రమ్ములోకి వదిలా, ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి, అంట్లు మొదటిసారి తొలవడానికి సరిపోతున్నాయి.

సర్వీస్ గురించి రాయకుండా ఉండలేను. ఫ్రీ సర్వీస్ ఏడాది అయిపోగానే ఏఎంసీ (ఏడాది సర్వీస్ కాంట్రాక్ట్) అమ్మడానికి కంపెనీ నుంచి ఒకతను వచ్చాడు, రెండు గ్లాసుల్లో నీళ్లు పట్టాడు, ఒకటి కుళాయివి ఒకటి మిషన్‌వి, రెండిట్లోనూ కడ్డీలున్న డబ్బా ఒకటి దించి కరెంటు పెట్టాడు. నిమిషంలో కుళాయి నీళ్లు తుప్పు రంగులోకి తిరిగి పైన బురద తేలింది. "చూశారా మేడమ్, మీ పిల్లలు తాగేది ఇదే, ఏఎంసీ తీసుకోకపోతే మిషన్ నీళ్లు కూడా ఇలాగే అవుతాయి" అన్నాడు. నాకు కడుపులో తిప్పింది, అక్కడికక్కడే 4,200 కట్టేశా. తర్వాత మా తమ్ముడు (కెమిస్ట్రీ లెక్చరర్ లెండి) పగలబడి నవ్వాడు. ఆ బురద నీళ్లలోది కాదట, ఆ ఇనుప కడ్డీయే కరిగి వచ్చిన తుప్పు, ఉప్పు ఉన్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, ఆర్వో నీళ్లలో పెద్దగా పారదు కాబట్టి తేటగా ఉంటుంది. నమ్మకపోతే ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి పెట్టి చూడు అన్నాడు. వేసి చూపించమని మరుసటేడు అడిగితే ఆ సర్వీస్ అతను డబ్బా బ్యాగులో పెట్టేసుకున్నాడు.

అయినా మూడేళ్లు కట్టా, 4,200, 4,500, 5,000. మొత్తం 13,700. ఇంకోటి, మధ్యలో ఒకసారి "మినరల్స్ పెంచుతా" అని ఏదో స్క్రూ తిప్పి వెళ్లాడు, 60 ఉన్న టీడీఎస్ 180 అయింది. ఆ స్క్రూ చేసే పనల్లా మెంబ్రేన్ దాటని బోరు నీళ్లని కొంచెం తెచ్చి మంచినీళ్లలో కలపడమే! అందులో నేను వద్దనుకున్న ఫ్లోరైడూ వస్తుంది కదా. నేనే స్క్రూడ్రైవర్ తీసుకుని మూసేశా.

2022 నుంచి ఏఎంసీ మానేసి లోకల్ మెకానిక్‌ని పిలుస్తున్నా. బయటి స్పన్ మూడు నెలలకోసారి నేనే మారుస్తా, 120 రూపాయలు, తీసినప్పుడు చూడాలి దాన్ని, తెల్లగా పెట్టింది పాత బెల్లం రంగులో జిగురుగా వస్తుంది. లోపలి ఫిల్టర్ల కిట్ ఏడాదికి 900, మెంబ్రేన్ ఒకసారి 1,800, అడాప్టర్ ఒకసారి కాలిపోయింది, అన్నీ కలిపి మూడేళ్లకి ఏడు వేల లోపే అయింది. యూవీ లైటు మాత్రం నీలంగా వెలుగుతోంది కదా అని వదిలేయకండి, వెలుగుతున్నా లోపల పవర్ తగ్గిపోతుంది, గడువు అయ్యాక మార్చేయాలి. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చి టాంక్‌లో మిగిలిన నీళ్లు పట్టుకుంటే వాసన, ఎందుకంటే క్లోరిన్‌ని కార్బన్ ముందే తీసేసింది కదా, నిలవ ఉన్న నీళ్లకి కాపలా ఎవరూ లేరు. అప్పట్నుంచి ఊరెళ్తే టాంక్ ఖాళీ చేసే వెళ్తున్నా.

2021లో మా బిల్డింగ్‌కి మున్సిపల్ కనెక్షన్ వచ్చాక లెక్క మారింది. నల్లా నీళ్లు ఒక్కటే కొలిస్తే 210, సంపులో బోరుతో కలిసి 340 వస్తోంది. 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దని 2019లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) కూడా చెప్పింది, మావారు ఇది తీసేసి వట్టి యూవీ పెడదాం, నీళ్లు మిగులుతాయి అంటున్నారు, ఆయన చెప్పేదాంట్లో తప్పేం లేదు. కానీ ఏప్రిల్ వచ్చిందంటే నల్లా తగ్గుతుంది, బోరు, ట్యాంకర్ మొదలు, పోయిన మే నెలలో మళ్లీ 790 చూశా. నల్లా రోజూ వచ్చే ఇంట్లో ఉంటే ఆర్వో కొనేదాన్నే కాదు. మాలాంటి సంపుకి ఇదే దిక్కు. ఎవరైనా ఏది కొనమంటారు అని అడిగితే ముందు ఓ 300 పెట్టి టీడీఎస్ పెన్ను కొనుక్కుని ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి కొలవమంటున్నా, బోరు అయితే ల్యాబ్‌కి కూడా ఇవ్వమంటున్నా.

అత్తయ్య మాత్రం మిషన్ నీళ్లు చప్పగా ఉంటాయని రాత్రి రాగి చెంబులో పోసుకుని పొద్దున్న తాగుతుంది. నిన్న మిషన్ నీళ్లు కొలిస్తే టీడీఎస్ 140 వచ్చింది, మెంబ్రేన్ మళ్లీ అయిపోయినట్టుంది, ఆర్డర్ పెట్టా. వేశాక మొదటి రెండు టాంకులు తాగకుండా పారబోయాలి, ఆ రెండు రోజులకి క్యాన్ చెప్పాలి.