ఒక 16 జీబీ ర్యామ్ స్టిక్కా, రెండు 8 జీబీ స్టిక్కులా? గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు ఏది మేలు

మా మేనల్లుడి కంప్యూటర్‌లో ఉన్నది రైజెన్ 5 5600జీ ప్రాసెసర్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. జీటీఏ 5 ఆడుతుంటే, కారు వేగం అందుకోగానే బొమ్మ తెగి తెగి కదులుతోందని వాడి బాధ. పక్కనున్న అద్దం పలక తీసి చూశాను. మదర్‌బోర్డు మీద నాలుగు స్లాట్లు, రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్కులు. కొన్నవి సరైనవే. తప్పల్లా ఆ రెండింటినీ ఒకే చానల్‌కు (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా నడిచే దారికి) చెందిన ఒకటి, రెండు స్లాట్లలో పక్కపక్కన బిగించడమే. కంప్యూటర్ లోపలి భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెమొరీ ట్యాబ్ తెరిస్తే చానల్ దగ్గర ‘1 × 64 బిట్’ అని ఉంది, అంటే ఒకే చానల్ పనిచేస్తోంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్లో ఒకటి, నాలుగో స్లాట్లో ఒకటి పెట్టాం. క్లిప్పు టక్కుమనే దాకా నొక్కాం. ఈసారి ‘2 × 64 బిట్’ అని చూపించింది. అదే ఆట, అవే సెట్టింగులు. ముప్పైల్లో తడబడుతున్న ఎఫ్‌పీఎస్ (తెర మీద సెకనుకు మారే బొమ్మల సంఖ్య) యాభై దాటింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

విడి గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమొరీ ఉంటుంది. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు అది లేదు. తెర మీద గీయవలసిన ప్రతి గోడా, ప్రతి చెట్టూ ర్యామ్ నుంచే రావాలి. అదే ర్యామ్‌తో ప్రాసెసర్ కూడా తన పని చేసుకోవాలి. ఒక్క కుళాయి కింద రెండు బిందెలు పెట్టినట్టు. అందుకే ఇక్కడ ర్యామ్ ఎంత ఉందన్నదానితో పాటు అది ఎంత ధారగా వస్తోందన్నదీ అంతే ముఖ్యం.

లెక్క తేలికే. ఒక చానల్ వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. డీడీఆర్4-3200 ర్యామ్ (డీడీఆర్4 తరం, 3200 వేగం) సెకనుకు 320 కోట్ల బదిలీలు చేస్తుంది. ఒక చానల్‌లో సెకనుకు 25.6 జీబీ, రెండు చానళ్లలో 51.2 జీబీ. జీటీఎక్స్ 1650 వంటి చిన్న కార్డుకే, దాని జీడీడీఆర్5 (గ్రాఫిక్స్ కార్డుల కోసం చేసిన మెమొరీ) రకంలో, 128 జీబీ అందుతుంది. ఆ పక్కన 51 తక్కువే. అందులోనూ సగం కోస్తే ఇక మిగిలేదేముంది? మెమొరీ ధార తగ్గితే ఏమవుతుందో జీటీ 1030 కార్డు కళ్లకు కట్టింది. 2017లో వచ్చిన జీడీడీఆర్5 రకానికి 48 జీబీ ఉండగా, 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకానికి 16.8 జీబీయే మిగిలింది. చాలా ఆటల్లో ఎఫ్‌పీఎస్ సుమారు సగానికి పడిపోయింది.

కాబట్టి 16 జీబీ ఒకే స్టిక్కుగా కొనడం కన్నా 8+8 కొనడం మేలని నేను గట్టిగా చెబుతాను. ఒకే స్టిక్కు వైపు వాదన కూడా తీసిపారేయదగినది కాదు. ‘ఇప్పుడు ఒక 16, తర్వాత ఇంకో 16 కొంటే 32 అవుతుంది’ అంటారు. రెండే స్లాట్లున్న బోర్డులో అది నిజమే. కానీ ఆ ‘తర్వాత’ వచ్చేదాకా ఆడే ప్రతి ఆటా సగం ధారతోనే నడుస్తుంది. రెండు మూడు నెలల్లో విడి గ్రాఫిక్స్ కార్డు కొనడం ఖాయమైతే ఒకే స్టిక్కు తీసుకోండి. అప్పుడు గ్రాఫిక్స్‌కు తన మెమొరీ తనకు వస్తుంది, ర్యామ్ చానళ్ల తేడా చాలావరకు తగ్గిపోతుంది.

మరి 4+4 మంచిదా, ఒకే 16 మంచిదా? ఇది నిజంగా చిక్కు ప్రశ్న. వాలొరెంట్ వంటి తేలిక ఆటలకు 4+4 బాగానే పరుగెడుతుంది. పెద్ద ఆటలకు మాత్రం చాలదు. గ్రాఫిక్స్ కోసం 2 జీబీ పక్కకు పోతే విండోస్‌కూ ఆటకూ కలిపి మిగిలేది 6. అది నిండగానే భారం డిస్కు మీద పడుతుంది, ఆట గడ్డకడుతుంది. పెద్ద ఆటలు ఆడేవారైతే ఒకే 16 తీసుకుని, వీలైనంత త్వరగా రెండోది చేర్చడమే నయం.

వేగం సంగతి వెనకది. రెండు 2666 స్టిక్కులు కలిసి సుమారు 42.7 జీబీ ఇస్తాయి, ఒంటరి 3200 స్టిక్కు కన్నా ఎంతో మెరుగు. 3200 జత నుంచి 3600 జతకు వెళితే ధార ఎనిమిదో వంతు పెరుగుతుంది. ధరలో తేడా కొద్దిగా ఉంటేనే ఆలోచించండి. ఏది కొన్నా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ అనే ఎంపికను ఆన్ చేయకపోతే చాలా స్టిక్కులు 2133, 2400 వంటి వేగాల దగ్గరే ఆగిపోతాయి. సీపీయూ-జెడ్‌లో 1600 అని కనిపిస్తే కంగారు పడకండి, అది 3200లో సగం. రెట్టింపు చేసి చదువుకోవాలి.

డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5 విషయంలో ఒక అపోహ బాగా తిరుగుతోంది. ప్రతి స్టిక్కులోనూ 32 బిట్ల ఉపచానళ్లు రెండుంటాయి కనుక ఒక్కటి పెట్టినా డ్యుయల్ చానలే (రెండు చానళ్లే) అంటారు. రెండు 32లు కలిస్తే 64 బిట్లే కదా! ఒంటరి డీడీఆర్5-5600 స్టిక్కు ఇచ్చేది 44.8 జీబీ. పాత డీడీఆర్4-3200 జత ఇచ్చే 51.2 కన్నా అది తక్కువ. పైగా 2024లో వచ్చిన రైజెన్ 7 8700జీ వంటి వాటిలో గ్రాఫిక్స్ బలం ఎక్కువ, ఆకలీ ఎక్కువ. అలాంటి ప్రాసెసర్ కొని ఒకే స్టిక్కు పెట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ల్యాప్‌టాప్ కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. బోర్డుకే అతికించిన 8 జీబీ, పక్కన ఒక ఖాళీ స్లాట్ ఉండే రకాలు చాలా ఉన్నాయి. ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ అని చెప్పి అమ్మిన యంత్రంలోనూ ఒకే చానల్ ఉంటే డివైస్ మేనేజర్‌లో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే పేరే కనిపిస్తుంది. ఆ ఖాళీలో 8 జీబీ పెడితే పేరు మారుతుంది, ఆటా మారుతుంది. 16 పెట్టినా నష్టం లేదు: మొదటి 16 జీబీ జంటగా, మిగతా 8 ఒంటరిగా నడుస్తాయి. మొత్తం ర్యామ్ అతికించి ఉన్న మోడల్ అయితే తర్వాత మార్చే దారి లేదు, కనుక డబ్బు కట్టకముందే దుకాణంలో టాస్క్ మేనేజర్ తెరిపించి ఎంత ర్యామ్ ఉందో, ఏ వేగమో చూడండి. చానళ్ల సంగతి అది చెప్పదు. దానికి సీపీయూ-జెడ్ కావాలి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి.